ముల్లంగి చూరు

మిజునాషి, యమగాతా
1999 ఏప్రిల్

అమ్మాయ్ కనాయె,

నువ్వు పంపిన టీ పొట్లం అందింది. యసు ఫోటో ముందు ఒక కప్పు పెట్టి, నేనొక కప్పు తాగాను. వేడివేడిగా తాగితే వాడి నోరు కాలేది కదా, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకని కాస్త ఆరనిచ్చి పెట్టాను. పెట్టాక నవ్వొచ్చింది. ఇప్పుడు ఇంకేం కాలుతుంది వాడికి?

ఇక్కడ పెరడు సగం ఇంకా మంచులోనే ఉంది. వంటింటి వైపు మాత్రం కరిగి నేల కనిపిస్తోంది. మంచులోంచి ముందుగా తలెత్తే ఆ చేదు మొగ్గలు గుప్పెడు కోసి దీనితో పంపుతున్నాను. మిసో సోయా ముద్దలో నూరుకుని అన్నంలో కలుపుకో. ఒక్కదానివే కదా అని వంట మానెయ్యకు. నేనూ ఒక్కదాన్నే, రోజూ పొయ్యి వెలిగిస్తున్నాను.

వాడి నలభై తొమ్మిదో రోజు కర్మ అయిపోయాక ఊళ్ళో అందరూ నాతో మామూలుగానే మాట్లాడుతున్నారు. అది మంచిదే. కానీ వాడి పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఏడుస్తాననుకుంటారు. ఎత్తకపోతేనే నాకు ఏడుపొస్తోంది. బియ్యం కొట్టు ఆవిడ మొన్న వాళ్ళబ్బాయి గురించి చెబుతూ చెబుతూ నన్ను చూసి టక్కున ఆపేసింది. చెప్పవమ్మా, వింటాను అన్నాను. చెప్పలేదు. నువ్వొక్కదానివే ఉత్తరంలో వాడి గురించి రాస్తావు. అందుకని నీ ఉత్తరాలు రెండేసి సార్లు చదువుతాను.

ఈ శీతాకాలం ఇల్లు మరీ చల్లబడిపోయింది. పొద్దున్నే సిమెంటు గోడ ముట్టుకుంటే చెయ్యి అతుక్కుపోతుందేమో అనిపించేది. అయినా ఆ గోడకే వీపు ఆనించి కూర్చుంటాను. నా కొడుకు కట్టిన మొట్టమొదటి గోడ అది.

నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మసానో


టోక్యో
మే

అత్తయ్యగారికి,

మీరు చెప్పినట్టే మొగ్గలు నూరి అన్నంలో తిన్నాను. మొదటి ముద్దకే కళ్ళు మూతపడ్డాయి. ఆయనా అలాగే కళ్ళు మూసుకుని "అబ్బ, వసంతం" అనేవారు. పొయ్యి రోజూ వెలిగిస్తున్నానని మాత్రం అబద్ధం చెప్పలేను.

ఒక పని గురించి రాస్తున్నాను. ఇక్కడి మ్యూజియం వాళ్ళు అక్టోబరులో ఆయన కట్టడాలన్నిటి మీదా పెద్ద ప్రదర్శన పెడుతున్నారు. నమూనాలు, గీసిన కాగితాలు, ఫోటోలు అన్నీ. దాన్ని సిద్ధం చేసే భారం నా మీద పెట్టారు. మొదటి గదిలో మొదటగా కనిపించేది మీ ఇల్లే. ఆయనకి ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు పేరు తెచ్చినది, పత్రికలన్నీ "చూరు లేని ఇల్లు" అని రాసినది.

ఇంకొక సంగతి. ఆ ఇంటిని కాపాడవలసిన కట్టడంగా గుర్తించాలని జిల్లాలో కమిటీ వేశారు. అది జరిగితే ఎవరూ దాన్ని ఎప్పటికీ పడగొట్టలేరు, అత్తయ్యా. ఆయన పేరుతో గుమ్మం దగ్గర ఫలకం పెడతారు. దానికి ఒకటే షరతు. ఇల్లు కట్టిన నాడు ఎలా ఉందో అలాగే ఉండాలి. వంటింటి బయట తర్వాత ఎవరో వేసిన ఆ రేకుల చూరు తీసెయ్యాలంటున్నారు. ఫోటోలో అది ఇంటి ముఖానికి అడ్డంగా ఉంది, నిజమే కదా.

మా ఆఫీసు నుంచి సెగావా అనే అతను కొలతలకి వస్తాడు. మంచివాడు, కాస్త బెరుకు. మీ ఒప్పుకోలు కాగితం మీద ముద్ర వేసి అతనికి ఇచ్చెయ్యండి.

నేను బాగానే ఉన్నాను. పని ఎక్కువగా ఉంటే ఇంకా బాగుంటున్నాను.

కనాయె


మిజునాషి
జూన్, నాట్లు అయ్యాక

అమ్మాయ్ కనాయె,

నీ సెగావా వచ్చి వెళ్ళాడు. బెరుకన్నావు గానీ అన్నం ముద్దల దగ్గర ఏం బెరుకు లేదు. నాలుగు తిన్నాడు. గోడ మీద పగుళ్ళన్నీ ముక్కు ఆనించి చూశాడు. ఇంట్లో మంచం కింద కూడా టార్చిలైటు వేశాడు. చివరికి వంటింటి బయటికి వచ్చి రేకుల కింద నిలబడి అడిగాడు.

"మామ్మగారూ, ఇది ఎవరు వేశారండీ?"

"వానొచ్చి వేసింది" అన్నాను.

"అది కాదండీ, ఎప్పుడు వేశారూ అని."

"తడిసినప్పుడు."

రాసుకోవాలో వద్దో తెలియక పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కంచె అవతల తొకుజి అంతా వింటూనే ఉన్నాడు. పక్కింటి తొకుజి నీకు తెలుసుగా, చెవులు వినపడవని అందరికీ చెబుతాడు గానీ మా ఇంట్లో మాటలు మాత్రం ఒక్కటీ వదలడు. "బాబూ, మా వదిన నోట్లోంచి మాట పీకేకంటే ఆ మేకులు పీకడం తేలిక" అన్నాడు. సెగావా పాపం దాన్ని కూడా రాసుకున్నాడేమో.

నీ ఉత్తరం చదివాక నాకు ఒక రోజు గుర్తొచ్చింది. యసు ఈ ఇంటి బొమ్మ అట్టముక్కలతో చేసి, గుడ్డలో చుట్టి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మీ మామయ్య పోయి ఏడాదయింది అప్పటికి. పాత ఇల్లు మంచు బరువుకి ఓ పక్కకి ఒరిగింది. బల్ల మీద బొమ్మ పెట్టి "ఎలా ఉందమ్మా?" అన్నాడు. తెల్లగా, నున్నగా, అంచుల్లేకుండా చక్కెర దిమ్మలా ఉంది. చుట్టూ తిరిగి చూశాను. "బాగుందిరా. మరి ముల్లంగి ఎక్కడ ఆరేసుకోవాలి?" అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు. "అమ్మా, ఇప్పుడు ఊరవేసిన ముల్లంగి కొట్లో దొరుకుతుంది" అన్నాడు. సరే అన్నాను. చదువుకున్నవాడు, వాడికి తెలుసు కదా.

ముద్ర వెయ్యమన్నావు. వెయ్యనని కాదు. నవంబరులో ముల్లంగి ఆరేసుకుని దింపాక ఆ రేకులు తీసుకుపోకూడదా? అప్పటి దాకా ఆగమని అడిగి చూడు. కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

మసానో


టోక్యో
జూలై

అత్తయ్యగారికి,

అడిగాను. కుదరదన్నారు. ప్రదర్శన అక్టోబరులో మొదలు, ఇంటి ఫోటోలు సెప్టెంబరులో తియ్యాలి, కమిటీ వాళ్ళూ అప్పుడే వస్తారు. ముల్లంగికి షెడ్డు వెనకాల కొత్త పందిరి వేయిస్తాను, ఖర్చు గురించి మీరు ఆలోచించకండి.

ఒక మాట రాస్తాను, కోపం తెచ్చుకోకండి. మీకు ఆ రేకులతో అవసరం ఉందని నాకు తెలుసు. కానీ ఆయనకి అది ఎంత కష్టంగా ఉండేదో మీకు తెలియదేమో. ఉపన్యాసాల్లో ఆ ఇంటి ఫోటో వేసినప్పుడల్లా ఉత్తరం వైపుదే వేసేవారు. "వంటింటి వైపు చూపించరా?" అని ఎవరైనా అడిగితే నవ్వి మాట మార్చేవారు. ఒక పెద్ద విమర్శకుడు "కొడుకు కట్టిన కవిత్వం మీద తల్లి రేకు పరిచింది" అని రాశాడు. ఆయన దానికి జవాబు ఇవ్వలేదు. మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ ఒక్క విషయంలో నాతో కూడా ఏమీ అనలేదు.

నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. గోడల మీద పెట్టే వివరాలు నేనే రాస్తున్నాను. ఒక చోట ఆగిపోయాను. ఆయన పని రెండు ముక్కలు. మొదటివన్నీ మీ ఇంటిలాంటి దిమ్మలు. ఆ తర్వాత నామివారా రేవులో గ్రంథాలయం కట్టారు, దానికి ఇంత పొడవు చూరు. అక్కణ్ణించి ఏది కట్టినా చూరే. స్నానశాలకి చూరు, ఆస్పత్రికి చూరు, కొండ మీది దహనశాలకి అన్నిటికంటే పెద్ద చూరు. చూరు వద్దన్న మనిషి ఎందుకు మారారో ఎవరికీ తెలియదు. గుళ్ళు చూసి నేర్చుకున్నారని పుస్తకాల్లో రాశారు. ఆయన గుడికి వెళ్తే మెట్ల మీద కూర్చుని సిగరెట్టు కాల్చేవారు, అంతే.

ఇంకొకటి. ప్రతి చూరు కింద దూలానికి వరసగా చిలక్కొయ్యలు కొట్టించారు. నామివారాలో బాగా ఎత్తున ఉన్నాయి. తర్వాత్తర్వాత కట్టినవాటిలో కిందికి, ఇంకా కిందికి దిగాయి. వాటి మీద ఒక ప్రొఫెసరు పెద్ద వ్యాసమే రాశాడు. నేను ఒకసారి అడిగితే "చెయ్యి అందాలి కదా" అన్నారు. ఎవరి చెయ్యి అని నేను అడగలేదు. ఇరవై ఏళ్ళు పక్క బల్ల మీద పనిచేశాను. అడగడానికి చాలా టైముందనుకున్నాను.

పోయినవాళ్ళు ఇంటికొచ్చే బోన్ పండక్కి నేను రాలేను, అత్తయ్యా. పనుంది. కాగితం పంపించండి.

కనాయె


మిజునాషి
ఆగస్టు, బోన్ వెళ్ళిన మర్నాడు

అమ్మాయ్ కనాయె,

వాడు పోయాక వచ్చిన మొదటి బోన్. నువ్వు రాలేనన్నావు. సరే. ఊళ్ళో వాళ్ళు అడిగితే టోక్యోలో వాడి పనే చేస్తోందని చెప్పాను. తొకుజి భార్య "అంత పనా?" అంది. నీ కోడలు పక్క ఊరి నుంచి వచ్చి ఏం చేసిందో కూడా చెప్పు అన్నాను.

దోసకాయకి పుల్లలు గుచ్చి గుర్రం చేశాను, వాడు తొందరగా రావాలని. కాళ్ళు గట్టిగా గుచ్చాను, వాడు కాస్త ఒళ్ళు చేసిన మనిషి కదా. వంకాయతో ఆవు చేశాను, నిదానంగా వెళ్ళాలని. నిన్న పంపించేశాను. ఆవును వాగు ఒడ్డున పెట్టి, చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇవాళ పూర్తి చేస్తున్నాను.

నీ జూలై ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. వాడి కవిత్వం మీద నేను రేకు పరిచానట. తర్వాత నీ మీద జాలేసింది. తర్వాత నా మీద నాకే. వాడు చెప్పొద్దన్నాడని చెప్పలేదు. కానీ వాడికిచ్చిన మాట వాడితో ఆవెక్కి వెళ్ళిపోయిందనుకుంటాను. ఇప్పుడు నువ్వు తెలుసుకోవాలి. రేకులు పీకొద్దని నేను అనను. పీకే ముందు తెలుసుకో.

ఆ చూరు యసు వేశాడు.

ఈ ఇంట్లో మొదటి శీతాకాలం నేను ముల్లంగి ఎక్కడా ఆరేసుకోలేకపోయాను. బయట కడితే వాన, మంచు. ఎండకి ఆరాలి, తడవకూడదు, గాలి తగలాలి, అందుకే కదా మా పాత ఇళ్ళన్నిటికీ అంత చూరు. చివరికి ఇంట్లోనే, కప్పులో అద్దం పెట్టాడే, దాని కింద ఇనప కడ్డీకి తాడు కట్టి వేలాడదీశాను. ఇల్లంతా ముల్లంగి వాసన. కొత్త సంవత్సరానికి వాడొచ్చాడు. అప్పటికే పత్రికల్లో ఫోటోలు పడి, బహుమానం వచ్చి, మెడలో కొత్త మఫ్లరు. తలుపు తీసి గబగబా లోపలికొచ్చాడు. ఎండు ముల్లంగి ఒకటి ఫట్‌మని నుదుటికి కొట్టుకుంది.

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. నెత్తి మీద వేలాడుతున్నవన్నిటినీ అలా చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఏడు నవంబరులో చెప్పకుండా వచ్చాడు. తొకుజి దగ్గర చిన్న లారీ అడిగి తీసుకుని కట్టెలు, తొకుజి పాత కోళ్ళ షెడ్డు రేకులు వేసుకొచ్చాడు. వడ్రంగిని పిలుద్దామంటే వద్దన్నాడు. "నేను తెలివితక్కువతనం చేశాను, నేనే సరిచేస్తాను" అన్నాడు. సరిచేసే చేతులేనా అవి? పెన్సిలు చేతులు. సుత్తి బొటనవేలి మీద కొట్టుకున్నాడు. తొకుజి కంచె మీద కూర్చుని "యసూ, మేకు ఇటుంది, వేలు అటుంది" అని వాడు కొట్టిన ప్రతిసారీ చెప్పాడు. సాయంత్రానికి చూరు లేచింది, ఓ పక్కకి వాలి. దూలానికి చిలక్కొయ్యలు కొట్టడానికి "అమ్మా, చెయ్యెత్తు" అన్నాడు. నా చెయ్యి ఎక్కడి దాకా అందిందో అక్కడ కొట్టాడు.

ఆ తర్వాత ప్రతి నవంబరూ వచ్చాడు. నీకు అమ్మను చూసొస్తానని చెప్పేవాడు కదా, అబద్ధం కాదు. ఇద్దరం ముల్లంగి కడిగి, జతలుగా తాడుకి కట్టి వేలాడదీసేవాళ్ళం. వాన వచ్చిందంటే వాడికి పండగే. నన్ను ఒక ముల్లంగి పట్టుకుని చూరు కింద నిలబడమనేవాడు. "ఎక్కడ తడుస్తున్నావమ్మా?" "కాళ్ళ దగ్గర." ఒక జానెడు రేకు అతికేవాడు. "ఇప్పుడో?" "ఇప్పుడు చీకటిగా ఉందిరా, గుడ్డిదాన్నా నేను?" పైకి ఎత్తేవాడు. ఎండ ఎక్కడి దాకా వస్తోంది, జల్లు ఎక్కడి దాకా కొడుతోంది, అన్నీ నన్ను నిలబెట్టి చూసుకునేవాడు. అందుకే అది ఇన్ని రంగుల రేకులతో అతుకులబొంతలా ఉంది. నామివారా అనే ఊరి పేరు నేను మొదట విన్నది ఆ చూరు కిందే. "అమ్మా, ఇదే అక్కడా వేస్తాను, రేకు మాత్రం ఉండదు" అన్నాడు.

నేను ముసలిదాన్నై కుంగిపోతున్న కొద్దీ చిలక్కొయ్యలు కిందికి దిగాయి. పైన పాత కన్నాలు అలాగే ఉన్నాయి, సెగావా టార్చిలైటు అక్కడ వేసి ఉంటే కనపడేవి.

దహనశాల కట్టేటప్పుడు అడిగాను, అంత చూరు ఎందుకురా అక్కడ, ముల్లంగి ఆరేస్తారా అని. "జనం ఏడవడానికి బయటికొస్తారమ్మా. అప్పుడు తడవకూడదు" అన్నాడు.

ఫోటోలవాళ్ళు వస్తున్నారంటే ముందు రోజు ఇద్దరం కలిసి రేకులు విప్పి తొకుజి కొట్టంలో దాచేవాళ్ళం. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ బిగించేవాళ్ళం. మొదట్లో వాడికి సిగ్గే. తర్వాత అది మా ఆట. కనాయెకి చెప్పనా అంటే, "వద్దమ్మా, ఆఫీసులో ఒక్కళ్ళైనా నన్ను గొప్పవాణ్ణి అనుకోనీ" అనేవాడు. ఆ విమర్శకుడు రాసింది వాడే నాకు చదివి వినిపించాడు. ఇద్దరం నవ్వీ నవ్వీ టీ ఒలకబోసుకున్నాం.

పోయిన నవంబరు వాడు రాలేకపోయాడు. ఆస్పత్రి నుంచి ఫోను చేశాడు. గొంతు పీలగా ఉంది. "ఆరేశావా అమ్మా?" తొకుజి, నేనూ ఆరేశాం అన్నాను. "తడుస్తున్నావా?" కుడి భుజం తడుస్తోందిరా, పడమటి గాలికి, అన్నాను. "వచ్చే ఏడు అటు పక్క ఇంకాస్త పొడిగిద్దాం" అన్నాడు.

నాకు వాడి మాటల్లో అదే ఆఖరుది.

కాగితం మీద ముద్ర వేసి దీనితోనే పెట్టాను. ఇల్లు నాది, కానీ వాడి పేరు నీ చేతుల్లో ఉంది. నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి.

మసానో


నామివారా
సెప్టెంబరు

అత్తయ్యా,

మీ ఉత్తరం ఆఫీసులో చదివాను. మర్నాడు రైలెక్కి ఇక్కడికి వచ్చాను. గ్రంథాలయం చూరు కింద బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. సముద్రం నుంచి వాన అడ్డంగా కొడుతోంది. నేను తడవడం లేదు. ఒక ముసలావిడ కూరగాయల సంచి చిలక్కొయ్యకి తగిలించి లోపలికి వెళ్ళింది. పక్కన చేపలవాళ్ళ తడి కోటులు వేలాడుతున్నాయి. ఈ చిలక్కొయ్యలకి నేను గీసిన బొమ్మలు ఎన్నో. వీటి ఎత్తు నాకు నోటికొచ్చు. లేచి చెయ్యెత్తి చూశాను. అంటే నలభై తొమ్మిదేళ్ళప్పుడు మీ చెయ్యి ఇక్కడి దాకా అందేదన్నమాట.

మొదట కుళ్ళుకున్నాను, నిజం చెబుతున్నాను. ప్రతి నవంబరూ ఆయన బొటనవేలికి కట్టు కట్టుకుని వచ్చేవారు. అడిగితే "సైట్లో తగిలింది" అనేవారు. నేను ఎంత వెర్రిదాన్ని, గీతలు గీసే మనిషికి సైట్లో ప్రతి ఏడూ అదే వేలికి ఎందుకు తగులుతుంది? మీరిద్దరూ కలిసి నన్ను బాగానే ఆడించారు. తర్వాత ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత మీరు ఊహించగలరు. చూరు పెద్దది, ఎవరూ చూడలేదు.

కమిటీ వాళ్ళతో మాట్లాడాను. ఆ రేకులు కట్టింది ఆయనే అని చెప్పాను. "రుజువేమిటి?" అన్నారు. తొకుజి మామయ్య ఉన్నాడన్నాను. నమ్మారు గానీ నియమం నియమమే అన్నారు. కట్టిన నాటి రూపం ఉండాలి, లేకపోతే గుర్తింపు లేదు. మీ ముద్ర ఉన్న కాగితం నా దగ్గరే ఉంది. ఇస్తే ఫలకం వస్తుంది, ఇల్లు ఎప్పటికీ నిలుస్తుంది. ఇవ్వకపోతే మన తర్వాత ఎవరైనా దాన్ని పడగొట్టుకోవచ్చు.

నేను ఇవ్వలేదు, అత్తయ్యా. చింపి ఈ కవరులో పెడుతున్నాను. తప్పు చేశానని మీకు అనిపిస్తే తిట్టండి. ఆ ఇల్లు రేకులతో నిలిచినంత కాలం నిలిస్తే చాలనిపించింది.

మ్యూజియం వాళ్ళు మాత్రం ఒప్పుకున్నారు. ఫోటో వంటింటి వైపు నుంచే తీశారు, మీరు చూశారుగా. గోడ మీద రాయవలసిన చోట గుళ్ళ మాట కొట్టేసి, "ముల్లంగి ఎక్కడ ఆరేసుకోవాలి?" అన్న మీ మాట ఒక్కటే రాశాను.

బోన్‌కి రానందుకు మన్నించండి. గుర్రం మీద వచ్చిన మనిషిని చూసి తట్టుకోలేననుకున్నాను.

కనాయె


మిజునాషి
అక్టోబరు

అమ్మాయ్ కనాయె,

చింపిన కాగితం ముక్కలు పొయ్యిలో వేశాను. బాగా మండాయి.

ఫలకం లేకపోతే లేదు. ఈ సిమెంటు గోడకి మేకు దిగదు, క్యాలెండరు తగిలించడానికే ఇన్నేళ్ళూ అవస్థ పడ్డాను, ఫలకం ఎలా కొడతారు? మన తర్వాత పడగొడితే పడగొడతారు. మన తర్వాత ముల్లంగి ఎవరు ఆరేస్తారులే.

ప్రదర్శన చూడాలనే ఉంది. మోకాళ్ళు రైలు మెట్లు ఎక్కనివ్వవు. సెగావా ఫోటోలు పంపాడు. నా మాట అంత పెద్ద అక్షరాలతో గోడ మీద చూసి సిగ్గేసింది. తొకుజికి చూపిస్తే "నా కోళ్ళ షెడ్డు రేకుల మాట ఎక్కడా రాయలేదేం?" అని అలిగాడు. ఆ రేకులకి కూడా పేరు పెట్టమను, లేకపోతే ఈ ఏడు లారీ ఇవ్వడట.

పెరట్లో ముల్లంగి దుంపలు బాగా ఊరాయి, తెల్లగా, పొడుగ్గా. నవంబరు మొదట్లో పీకుతాను. నువ్వు వస్తావా? రమ్మని బలవంతం లేదు. పాత చేతి తొడుగులు తెచ్చుకో, నీళ్ళు చాలా చల్లగా ఉంటాయి. రబ్బరు బూట్లు యసువి ఉన్నాయి, నీకు పెద్దవవుతాయి, లోపల పాత పేపరు కుక్కుకోవచ్చు.

కుడి పక్క ఇంకా తడుస్తూనే ఉంది. ఊరికే చెప్పాను.

మసానో


టోక్యో
నవంబరు మధ్యలో

అత్తయ్యా,

క్షేమంగా చేరాను. ఆఫీసులో అందరూ నా బొటనవేలి కట్టు చూసి, తర్వాత ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "సైట్లో తగిలింది" అన్నాను. సెగావా ఒక్కడే నవ్వాడు.

అంత చిన్న పనికి మూడు పూటలు పట్టడం నా తప్పు కాదు. కింద నుంచి మీరు, కంచె మీద నుంచి తొకుజి మామయ్య చెరో మాటా చెబుతుంటే ఎవరికైనా మేకు వంకరే పోతుంది. "టోక్యోలో ఇళ్ళు ఇలాగే కడతారా?" అని ఆయన ఎన్నిసార్లు అడిగారో. కొత్త రేకు పాతవాటికి అతకలేదు, వంకరగా ఉంది, నాకు తెలుసు. వచ్చే ఏడు సరిచేస్తాను.

మిమ్మల్ని చెయ్యెత్తమని అడిగినప్పుడు మీరు ఎత్తి, అలాగే కాసేపు ఉంచేశారు. ఆ ఎత్తు ఇప్పుడు నా వేళ్ళకి తెలుసు.

చేతుల నుంచి ముల్లంగి వాసన ఇంకా పోలేదు. కడుక్కోవడం కూడా మానేశాను.

కనాయె


మిజునాషి
నవంబరు చివర

అమ్మాయ్ కనాయె,

మొన్న మొదటి మంచు వానతో కలిసి పడింది, పడమటి గాలి. ముల్లంగి ఒకటి చేత్తో పట్టుకుని చూరు కింద వాడు నిలబెట్టే చోటే నిలబడ్డాను. తొకుజి చూసి "వదినకి మతి పోయింది" అని లోపలున్న భార్యని కేకేసి పిలిచాడు. పోనీ. చాలాసేపు నిలబడ్డాను. లోపలికొచ్చి, కుడి భుజం వాడి ఫోటో వైపు తిప్పి చూపించాను. పొడిగా ఉంది.

నీ రేకు వంకరే. నీళ్ళు మాత్రం సరిగ్గానే కారుతున్నాయి.

నా వరస ముల్లంగి వంచితే విల్లులా వంగుతోంది, దింపి ఉప్పులో పెట్టేశాను. నీ చేతికి అందేలా పైన ఇంకొక వరస చిలక్కొయ్యలు కొట్టావే, వాటి మీది ముల్లంగీ ఆరింది. వాడి సంవత్సరీకానికి ఎలాగూ వస్తావని తెలుసు. ఒక రోజు ముందే రా. అది నాకు అందదు. వచ్చి దింపుకో.

మసానో